చిట్టమ్మ కూర్చోని కుర్చీ

పాంగి చిట్టమ్మ కుర్చీలో కూర్చోనంది. ముందు బతిమాలాను, తర్వాత విసుక్కున్నాను, చివరికి నాకు ఒళ్ళు మండింది.

అది అల్లాటప్పా కుర్చీ కాదు. రుషికొండలో సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో, నానాదేశాల వాళ్ళు సమావేశమైన హాలులో, మొదటి వరుసలో, ఆమె పేరు ఇంగ్లీషులో రాసిన పలకతో సహా వేసిన కుర్చీ. దాని పక్కది నాది. నా పేరు కేథరిన్. చిట్టమ్మ మాటల్ని ఇంగ్లీషులోకి, వాళ్ళ ఇంగ్లీషుని తెలుగులోకి మార్చి చెప్పడం ఆ రోజు నా పని. ఈ ఊళ్ళో ఓడల వాళ్ళకీ, ఉక్కు కొనడానికి వచ్చే వాళ్ళకీ చాలా ఏళ్ళుగా ఇదే చేసి బతుకుతున్నాను. ఎవరి మాటనైనా తిప్పి చెప్పగలను గానీ నా నోటిని మాత్రం అదుపులో పెట్టుకోలేనని మా అమ్మ ఆరోగ్యమ్మ ఇప్పటికీ తిడుతుంది.

సంగతేమిటంటే, పాడేరు అవతల కొండల్లో జోడుగెడ్డ అని ఒక ఊరుంది. నాలుగు గూడేలు కలిస్తే ఆ ఊరు. వాళ్ళ కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, నీటిని ఎక్కించి దించి కరెంటు తీద్దామని ఒక ప్రాజెక్టు. దానికి డబ్బు ఇవ్వాల్సింది చాలా దేశాలు కలిసి పెట్టుకున్న ఒక నిధి. ఆ నిధికి ఒక మంచి నియమం ఉంది. ఆదివాసుల నేల మీద ఏది కట్టాలన్నా వాళ్ళకు ముందే అన్నీ విప్పి చెప్పాలి, బలవంతం లేకుండా అడగాలి, వాళ్ళు సరేనంటేనే డబ్బు కదలాలి. జోడుగెడ్డ సరేనందా లేదా అన్నది ఆ రోజు ఆ హాలులో తేల్చి రాసుకుంటారు. సరేనందని రాసుకుంటే పై చెరువులో రెండు గూడేలు, వాళ్ళ పోడు, పసుపు తోటలు మునిగిపోతాయి. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా 'మీరే కదా ఒప్పుకున్నారు' అంటారు. ఆ నాలుగు గూడేల తరఫున వచ్చిన మనిషి చిట్టమ్మ ఒక్కతే.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంది. కుడి మోకాలు వాచింది. తొలి బస్సుకి కొండ దిగి, విశాఖ బస్సుల కాంప్లెక్సులో మరో బస్సు మారి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ ఆనించి, హాలంతా పరకాయించి చూస్తోంది.

"కూకోండి పెద్దమ్మా. అందరూ కూకున్నారు కదా," అన్నాను.

"ఒద్దు తల్లీ. నాను ఇలగే బాగున్నాను."

"మోకాలు చూడండి ఎలగ వాచిపోనాదో. ఎంతసేపని నిలబడతారు?"

"మాట తేలేదాకా."

"పాడేరు నుంచి బస్సులో కూకునే వొచ్చారు కదా మరి?"

"బస్సు నన్నేటీ అడగనేదు కదమ్మా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కుర్చీ విషయంలో మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు. మా తాత ఊరి పెద్దల అరుగు ముందు జీవితమంతా నిలబడే ఉన్నాడు. ఏ మాట చెప్పాలన్నా నిలబడి, వంగి, తలపాగా విప్పి చంకలో పెట్టుకుని చెప్పాలి. మా నాన్న దేవదానం పోర్టులో పనికి కుదిరాక మొదట కొన్నది బియ్యం బస్తా కాదు, టేకు కుర్చీ. తాతని విశాఖపట్నం తీసుకొచ్చి అందులో కూర్చోబెడితే ఆయన సాయంత్రం దాకా లేవలేదట, ఎవరొచ్చినా లేవలేదట. ఆ కథ విని పెరిగినదాన్ని. కుర్చీ ఉండీ నిలబడే మనిషిని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

అంతలో సాయిశంకర్ వచ్చాడు. ప్రాజెక్టు కంపెనీ తరఫున ఊళ్ళో వాళ్ళతో మాట్లాడి, అంగీకారం తెచ్చే బాధ్యత ఇతనిది. విజయనగరం వైపు రైతుల బిడ్డ, చదువుకుని పైకొచ్చాడు, పెద్దవాళ్ళను గౌరవంగా పలకరిస్తాడు. చిట్టమ్మకి నమస్కారం పెట్టి, మంచినీళ్ళు తెప్పించి, నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్, నాను సెప్తే మొహమాటపడతన్నారు. మీరాడవాళ్ళు కదా, మీ మాటయితే ఇంటారు. ఎలగైనా కూకోబెట్టండి. పాపం, మోకాలు."

ఎంత మంచి కుర్రాడో అనుకున్నాను. అతని వెనక కెమెరా పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. ఇలాంటి సభల్లో ఫొటోలు తీసేవాళ్ళకు కొదవా, ఆ విషయం పట్టించుకోలేదు. తిరిగి వచ్చి ఈసారి గొంతు పెంచాను.

"పెద్దమ్మా, ఇనండి. ఎవుల ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సిన రోజులు పోయాయి. ఈళ్ళకీ మీకూ తేడా నేదు. మీ కుర్చీ మీది."

"నాను చేతులు కట్టుకోనేదే," అంది చిట్టమ్మ, తన చేతుల వైపు చూసుకుంటూ.

నిజమే, కట్టుకోలేదు. కానీ అప్పటికే నాకు ఆగ్రహం తలకెక్కింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాను. మెల్లగానే అనుకోండి, అయినా నొక్కాను. ఆమె పాతిన రాటలా కదల్లేదు. ఒక్కసారి నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం అంతకన్నా లేదు.

"నీకు సెప్పనేదు, అదే వొచ్చిన చిక్కు," అంది. "మా ఊరి సభలో..."

అప్పుడే గంట మోగింది, సభ మొదలైంది. అధ్యక్షురాలు తెల్లజుట్టు విదేశీ ఆవిడ. రెండు ముక్కల్లో స్వాగతం చెప్పి, మధ్యాహ్నం విమానం ఉందని గుర్తు చేసి, సాయిశంకర్ని మాట్లాడమంది. నేను చిట్టమ్మ చెవి దగ్గరికి వంగి, అతని ఇంగ్లీషుని వచ్చినది వచ్చినట్టు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

చెరువు ఎంత లోతో, కరెంటు ఎంత వస్తుందో, ఈ నగరంలో ఎన్ని కొలిములకూ క్రేన్లకూ సరిపోతుందో చెప్పాడు. చక్కగా చెప్పాడు. తర్వాత తెర మీద ఒక ఫొటో వేశాడు. జోడుగెడ్డలో షామియానా కింద ఊరు ఊరంతా నేల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, అందరూ.

చిట్టమ్మ కుర్చీ వీపుని గట్టిగా పట్టుకుంది.

సాయిశంకర్ అన్నాడు: "ఈ ప్రజలకు ఒక అపురూపమైన సంప్రదాయం ఉంది. వాళ్ళ సభలో నిలబడితే సందేహం ఉన్నట్టు. కూర్చుంటే ఒప్పుకున్నట్టు. మేము కాగితాల మీద వేలిముద్రలు అడగలేదు. వాళ్ళ పద్ధతినే గౌరవించాం. చూడండి, ఊళ్ళో ఒక్కరు కూడా నిలబడి లేరు."

నేను ఆ మాటల్ని తెలుగులో సగం చెప్పి ఆగిపోయాను.

"సెప్పమ్మా," అంది చిట్టమ్మ. "కూకుంటే ఏటన్నాడు?"

మిగిలింది కూడా చెప్పాను. చెప్పక తప్పదు, నా పని అదే. ఆమె తెర వైపు చూస్తూనే ఉంది.

"అది కళ్ళ డాక్టర్లొచ్చిన రోజు," అంది నెమ్మదిగా. "కళ్ళు సూసి, అందరికీ బోయినాలు పెట్టారు. బోయినానికి కూకున్నాం. నిలబడి తింటారేటి ఎవులైనా?"

సాయిశంకర్ ఇంకా ముగించలేదు. మొహం నిండా నవ్వుతో మా వైపు చెయ్యి చాపాడు. "ఆ ఊరి ప్రతినిధి ఈ రోజు మన మధ్యనే ఉన్నారు. ప్రపంచమంతటినీ సాక్షిగా పెట్టుకుని తన ఆసనం స్వీకరించవలసిందిగా ఆమెను కోరుతున్నాను." హాలంతా చప్పట్లు. కెమెరావాడు ముందుకొచ్చి ఒక మోకాలి మీద వంగాడు. కెమెరా అద్దం సరిగ్గా కుర్చీ మీదే ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది, పొద్దున్నుంచీ నేను ఎవరి పని చేస్తున్నానో. ఇందాక ఆమె నా మాట విని ఉంటే, నా చెయ్యి ఇంకొంచెం బరువుగా పడి ఉంటే, రెండు గూడేలు నీళ్ళపాలయ్యేవి. పైగా నేను పుణ్యం కట్టుకున్నానని సంబరపడేదాన్ని. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఆ వెంటనే ఆ సిగ్గంతా కోపమైపోయింది. మంచి కుర్రాడట, పాపం మోకాలట! తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే.

"పెద్దమ్మా, కూకోవద్దు," అన్నాను.

"నాను కూకుంటానని ఎప్పుడన్నానమ్మా?" అంది చిట్టమ్మ. "మైకు ఇమ్మను."

మైకు బల్లకు బిగించి ఉంది, కూర్చున్న మనిషి నోటి ఎత్తుకు. సాయిశంకర్ వంగి తెలుగులో అన్నాడు. "పెద్దమ్మా, ముందు కూకోండి. అప్పుడు సెప్పుకుందురు గాని." నేను మైకు మెడ పట్టుకుని మరలతో సహా ఊడబెరికాను. హోటలు వాడు అయ్యో అంటూ పరుగెత్తుకొచ్చాడు గానీ, అప్పటికి అది చిట్టమ్మ నోటి దగ్గరుంది.

"నా పేరు పాంగి చిట్టమ్మ," అంది. "మా నాలుగ్గూడేలోళ్ళు పంపితే వొచ్చాను. ఆ బాబు సెప్పినాడు కదా, మా సభలో కూకుంటే ఒప్పుకున్నట్టేనని. అది నిజమే. ఆ బొమ్మలో మేం కూకున్నాం, అదీ నిజమే. కానీ అది సభ కాదు. అది బోయినాల బంతి. మైకులో ఒక పిల్లోడు ఏదో సెప్పినాడు, అప్పటికి మేం పప్పు కలుపుకుంటన్నాం. ఆకలికి కూకున్నోళ్ళని ఒప్పుకున్నారని రాత్తే, అన్నం పెట్టిన సెయ్యి మీద మాకింక నమ్మకం ఎలగ ఉంటాది?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు దించుకున్నారు.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "అయితే నిజమైన సభ ఎలా ఉంటుందో చెప్పగలరా?"

"సెప్తాను. కావాలని అడిగేవోడు మజ్జిలో నిలబడతాడు. చుట్టూ మేం నిలబడతాం. ఆడు సెప్పాల, మేం అడగాల. అడిగినదానికల్లా ఆడు జవాబు సెప్పాల. ఎవులికి మనసు తీరితే ఆళ్ళు కూకుంటారు. తీరనోళ్ళు నిలబడే అడుగుతారు. ఒక్క మనిషి నిలబడున్నా మాట అయిపోనట్టే. మా ఊరికి రోడ్డు వొచ్చినప్పుడు అందరం కూకున్నాం, నారాయణమ్మ అనీ ముసల్ది కూకోనేదు. రోడ్డు ఏస్తే ఊట పూడిపోద్దని ఆవిడ గొడవ. పొద్దుగూకినాది, మళ్ళీ తెల్లారినాది, ఆవిడలాగే ఉంది. ఆఖరికి రోడ్డునే పక్కకి తిప్పినారు. ఇప్పటికీ మా రోడ్డు అక్కడ వంకరగా ఉంటాది. ఆ వంకరంటే మాకు గొప్ప."

ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు కూడా చిన్నగా నవ్వి, మళ్ళీ గంభీరంగా అడిగింది. "అంటే మీరు ఈ ప్రాజెక్టుని వ్యతిరేకిస్తున్నారా?"

"అడగనిదానికి జవాబేటి?" అంది చిట్టమ్మ. "ఒద్దనడానికి నాను రానేదు. సరే అనడానికీ రానేదు. ఆ రెండూ నా చేతిలో నేవు, సభ చేతిలో ఉన్నాయి. మమ్మల్నింకా ఎవులూ అడగనేదు. అది సెప్పి రమ్మన్నారు, సెప్తన్నాను."

నేను ఆ మాటలు చెబుతుండగానే సాయిశంకర్ లేచాడు. మొహంలో నవ్వు పోయింది. "మేడమ్ తన సొంత మాటలు కలుపుతున్నారు," అన్నాడు ఇంగ్లీషులో.

"ఏటి కలిపాను బాబూ?" అని తెలుగులోనే గట్టిగా అడిగాను. "నీకూ తెలుగొచ్చు కదా. నాను తప్పు సెప్తే నువ్వే సరిగ్గా సెప్పు, ఇందాం."

అతను చిట్టమ్మ వైపు తిరిగాడు. అప్పుడు అతని గొంతు మారింది. అది నటన అని నేననను.

"పెద్దమ్మా, నాను మీకు సెడు సేద్దామని రానేదు. మీకు కరెంటొత్తాది, ఆస్పత్రొత్తాది. మా ఊరి పక్కన ఫేక్టరీ కట్టినప్పుడు మమ్మల్ని ఎవులు అడిగారు? సెప్పా పెట్టకండా మా జీడితోటలు లాగీసుకున్నారు. మేం బతకనేదేటి? మీ దగ్గిరకి నాలుగుసార్లు వొచ్చి, బోయినం పెట్టి మరీ సెప్పాను."

చిట్టమ్మ అతని కళ్ళలోకి చూసింది. "జీడితోటలు పోయినప్పుడు మీ అమ్మ ఏడవనేదేటి నాయనా?" అంది.

సాయిశంకర్ బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ కూర్చుండిపోయాడు. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాలా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పాను. ఆమె మాట మింగే హక్కు నాకు లేదు, జాలితోనైనా సరే.

అధ్యక్షురాలు అటూ ఇటూ ఉన్న సభ్యులతో గుసగుసలాడింది. తర్వాత మా వైపు తిరిగి, చాలా మర్యాదగా, అసలు దెబ్బ కొట్టింది. "మీ ఆవేదన అర్థమైంది. కానీ ఈ ఏడాది కేటాయింపులకు ఇదే చివరి సమావేశం. ఈ రోజు తేలకపోతే ఈ డబ్బు మరో దేశానికి వెళ్ళిపోతుంది. దానితో పాటు మీ ఊరికి రావలసిన కరెంటు, ఆస్పత్రి కూడా. మీరు షరతులతో ఒప్పుకున్నట్టు రాసుకుంటాం. షరతులన్నీ మీరే చెప్పండి. మిగతా గ్రామం ఆమోదం తర్వాత తీసుకోవచ్చు. ఇది మీకు మంచి అవకాశమని నా అభిప్రాయం."

నేను ఇది చెబుతుంటే చిట్టమ్మ తొలిసారి తల దించుకుంది. వాచిన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. అది నొప్పి ఒక్కటే కాదు. ఆ ఊళ్ళో జ్వరం వచ్చిన పిల్లల్ని డోలీ కట్టి మోసుకొస్తారని నాకు తెలుసు, ఆమెకి నాకంటే బాగా తెలుసు. ఆస్పత్రి వద్దనుకునే ఆదివాసీ ఎవరూ ఉండరు. నాకు భయమేసింది. ఆమె ఒప్పుకుంటుందేమోనని భయమేసింది, ఒప్పుకోకపోతే ఏం పోగొట్టుకుంటుందోనని అంతకన్నా భయమేసింది. సలహా చెప్పాలని నోటి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

ఆమె తల ఎత్తింది.

"ఆస్పత్రి మాకు కావాల," అంది. "కరెంటూ కావాల. కానీ నా ఒక్కదాని మాట మీద రెండు గూడేలు ముంచితే, ఆ ఆస్పత్రికి ఏ మొకం పెట్టుకుని ఎళ్తాను? రేపు మా పిల్లలు, మా బదులు నువ్వెందుకు ఒప్పుకున్నావే ముసల్దానా అంటే, డబ్బు ఇంకో దేశానికి పోద్దని బెదిరించారర్రా అని సెప్పాలా? పోతే పోనీండి. ఆ దేశంలో కూడా మాలాంటోళ్ళుంటారు. ఆళ్ళని అడిగారా, ఆళ్ళు కూకున్నారా, ముందది సూసుకోండి."

ఈ ముక్కనూ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. సభ్యుల్లో ఒకావిడ, దూరంగా ఏదో ద్వీపదేశం నుంచి వచ్చినావిడ, బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. మీలాంటి వాళ్ళమేనండీ మేము కూడా, మా దీవినీ ఇలాగే, మేం ఒప్పుకున్నామని రాసేసుకుని లాక్కున్నారు అంది. ఇక హాలులో గొడవ లేచింది. నియమం అంటే నియమమేనని కొందరు, గడువు అంటే గడువేనని కొందరు. చిట్టమ్మకు వాటిలో ప్రతి ముక్కా చెబుతూ పోయాను. చాలాసేపటికి అధ్యక్షురాలు గంట కొట్టింది. జోడుగెడ్డ అంశం ఈ రోజు జాబితా నుంచి తీసేస్తున్నామంది. అంగీకారం ఇచ్చినట్టు ఎక్కడా రాయకూడదని, ఆ ఫొటోను నివేదికలోంచి తొలగించాలని అంది. డబ్బు వచ్చే ఏడాదికి నిలుస్తుందో లేదో హామీ ఇవ్వలేనని కూడా దాచకుండా చెప్పింది.

"రాసింది సదివి ఇనిపించు," అని నన్నడిగింది చిట్టమ్మ. సభ నిర్ణయాలు రాస్తున్న అధికారి చేతిలోంచి కాగితం తీసుకుని ఒక్కో వాక్యం తెలుగులో చదివాను. 'అంగీకారం లేదు' దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. చదివాను. తల ఊపింది.

అందరూ లేస్తుంటే అధ్యక్షురాలు బల్ల దాటి మా దగ్గరికి వచ్చింది. విమానం సంగతి మర్చిపోయినట్టుంది. మీ సభకు మమ్మల్ని పిలుస్తారా అంది. పిలుస్తామంది చిట్టమ్మ. పసుపు తవ్వకాలు అయ్యాక రమ్మంది.

"మేం వస్తే," అని ఆవిడ నవ్వుతూ అడిగింది, "మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారు?"

నేను తెలుగులో చెప్పాను. చిట్టమ్మ ఆశ్చర్యంగా ఆవిడ వైపు చూసింది.

"మీరు కూకోడమేటి?" అంది. "అడగడానికొచ్చినోళ్ళు నిలబడాల."

నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క అక్షరం కూడా మెత్తబరచలేదు.